నోటి ద్వారా లైంగిక సంపర్కం: హెచ్.ఐ.వి. ప్రమాదం ఎంత? రక్తపరీక్ష ఎప్పుడు?

హెచ్.ఐ.వి. ఎలా సోకుతుంది అని అడిగితే నేడు మన సంఘాల్లో చాలామంది తడుముకోకుండా జవాబు చెప్పగలరు. విచ్చలవిడి లైంగిక సంబంధాలు, కలుషితమైన సూదులు, పరీక్షించని రక్తం, తల్లి నుండి బిడ్డకు అని నాలుగు మార్గాలు వరుసగా చెబుతారు. అయితే మన ఆసుపత్రి కౌన్సెలింగ్ గదిలో తలుపు వేసిన తరువాత వినబడే ప్రశ్న మాత్రం వేరుగా ఉంటుంది. "నోటితో మాత్రమే జరిగింది. అలా కూడా వస్తుందా?" అని గొంతు తగ్గించి అడుగుతారు. ఆ ప్రశ్న అడగడానికి ధైర్యం చాలక నెలల తరబడి నిద్ర లేకుండా గడిపేవారు కొందరు. "నోటితోనే కదా, ఏమీ కాదు" అని పరీక్ష ఊసే ఎత్తనివారు మరికొందరు. ఈ ఇద్దరికీ ఉపయోగపడాలని ఈ పాఠం రాస్తున్నాము.

ఇందులో కొన్ని మాటలు చర్చి పత్రికలో చదవడానికి ఇబ్బందిగా అనిపించవచ్చు. కాని వైద్య విషయం సూటిగా చెప్పకపోతే అర్థం కాదు. అర్థం కానప్పుడు పుకార్లే వైద్యం చేస్తాయి. అందువల్ల దాపరికం లేకుండా, మర్యాద తప్పకుండా చెప్పే ప్రయత్నం చేస్తాము. పెద్దలు ముందుగా చదివి, పెళ్లి వయసు వచ్చిన పిల్లలకు కూడా ఇవ్వవచ్చు.

హెచ్.ఐ.వి. సోకాలంటే ఏమి జరగాలి?

హెచ్.ఐ.వి. గాలిలోనో నీళ్లలోనో బ్రతికే క్రిమి కాదు. అది ఒకరి నుండి మరొకరికి చేరాలంటే మూడు విషయాలు ఒకేసారి కలవాలి.

మొదటిది, అవతలి వ్యక్తిలో వైరస్ ఉండాలి. వైరస్ లేని వ్యక్తి నుండి ఏ విధంగానూ హెచ్.ఐ.వి. రాదు.

రెండవది, వైరస్ తగినంత మోతాదులో ఉండే ద్రవం కావాలి. రక్తం, వీర్యం, వీర్యానికి ముందు వచ్చే జిగట ద్రవం, యోని స్రావాలు, మలద్వారంలోని స్రావాలు, తల్లిపాలు, ఇవే ఆ ద్రవాలు. ఉమ్మి, చెమట, కన్నీరు, మూత్రం ఈ జాబితాలో లేవు.

మూడవది, ఆ ద్రవం లోపలికి వెళ్లడానికి దారి కావాలి. తెగిన చర్మం, పుండు, సూది పోటు, లేదా యోని, మలద్వారం, పురుషాంగం లోపలి పొర వంటి సున్నితమైన భాగాలు ఆ దారి అవుతాయి.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా హెచ్.ఐ.వి. సోకదు. మీ మనసును పీడిస్తున్న సంఘటన ఏదైనా సరే, ముందుగా ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. సగం భయం అక్కడే తీరిపోతుంది.

నోటిలో ఈ వైరస్ ఎందుకు నిలవలేదు?

నోరు కూడా సున్నితమైన పొర ఉన్న భాగమే. అయినా యోని, మలద్వారాలతో పోల్చితే నోటి ద్వారా హెచ్.ఐ.వి. సోకడం చాలా అరుదు. దీనికి కారణాలున్నాయి. నోటి లోపలి పొర మందంగా, పలు వరసలుగా ఉంటుంది. లాలాజలంలో వైరస్‌ను అడ్డుకునే ప్రోటీన్లు ఉన్నాయి. ఉమ్మిలో ఉప్పు శాతం రక్తంలో కంటే బాగా తక్కువ కావడం వల్ల వైరస్‌ను మోసుకువచ్చే కణాలు అందులో పగిలిపోతాయి. మింగినది కడుపులోకి వెళితే అక్కడి ఆమ్లం మిగిలిన పని చేస్తుంది.

ఇది పుస్తకాల మాట మాత్రమే కాదు. స్పెయిన్ దేశపు మాడ్రిడ్ నగరంలో వైద్యులు కొన్ని జంటలను సంవత్సరాల తరబడి గమనించి, 2002లో ఫలితాలు ప్రకటించారు. ఆ జంటల్లో ఒకరికి హెచ్.ఐ.వి. ఉంది, మరొకరికి లేదు. ఏ రక్షణా లేకుండా నోటి సంపర్కం మాత్రమే జరిపిన 135 మంది వైరస్ లేని భాగస్వాములను వారు పరిశీలించారు. మొత్తం 19,000కు పైగా సంపర్కాలు లెక్కకు వచ్చాయి. వారిలో ఒక్కరికి కూడా హెచ్.ఐ.వి. సోకలేదు.

అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ వైద్యులు 2014లో ప్రచురించిన అంచనాలు కూడా ఇదే చెబుతున్నాయి. హెచ్.ఐ.వి. ఉన్న, చికిత్సలో లేని వ్యక్తితో రక్షణ లేకుండా 10,000 సార్లు సంపర్కం జరిగితే ఎన్నిసార్లు వైరస్ సోకవచ్చు అన్నది ఆ లెక్క. మలద్వార సంపర్కంలో స్వీకరించేవారికి సుమారు 138, యోని సంపర్కంలో స్త్రీకి సుమారు 8, పురుషునికి సుమారు 4, సూదులు పంచుకునేవారికి సుమారు 63 అని రాశారు. నోటి సంపర్కం దగ్గర సంఖ్య ఇవ్వకుండా "తక్కువ" అని మాత్రమే రాశారు. సంఖ్య వేయడానికి సరిపడినన్ని కేసులు కూడా దొరకనంత అరుదు అన్నమాట.

అయితే "అరుదు" అంటే "అసలు లేదు" అని కాదు. నోటి సంపర్కం ద్వారానే వైరస్ సోకి ఉంటుందని వైద్యులు నమోదు చేసిన కేసులు కొద్దిగా ఉన్నాయి. అందుకే "సున్నా" అని మేము చెప్పడం లేదు.

ఏ సందర్భంలో ఎంత?

నోటి సంపర్కం అన్న మాట ఒకటే అయినా, ఎవరు ఏ వైపు ఉన్నారన్న దానిని బట్టి ప్రమాదం మారుతుంది.

- ఒక పురుషుని అంగాన్ని అవతలి వ్యక్తి నోటితో తాకితే, ఆ పురుషునికి తగిలేది ఉమ్మి మాత్రమే. ఉమ్మి ద్వారా హెచ్.ఐ.వి. రాదు. అవతలివారి నోటి నుండి బాగా రక్తం కారుతూ ఉంటే తప్ప ఇతనికి ప్రమాదం లేదనే చెప్పవచ్చు. మా దగ్గరకు భయంతో వచ్చే పురుషుల్లో ఎక్కువమంది ఈ కోవకు చెందినవారే.

- పురుషుని అంగాన్ని నోటితో తాకిన వ్యక్తికి ప్రమాదం తక్కువే కాని, నోటి సంపర్కాలన్నిటిలో కొంచెం ఎక్కువ ఇక్కడే. వీర్యం నోట్లో పడితే మరికొంత పెరుగుతుంది.

- స్త్రీ జననాంగాన్ని నోటితో తాకిన వ్యక్తికి ప్రమాదం చాలా తక్కువ. ఆ సమయంలో ఆమె బహిష్టులో ఉంటే రక్తం వల్ల కొంత పెరుగుతుంది. ఆ స్త్రీకి మాత్రం తగిలేది ఉమ్మి కనుక ప్రమాదం లేనట్లే.

- ముద్దు వల్ల, ఒకే గ్లాసులో నీళ్లు తాగడం వల్ల, ప్రభు భోజనపు గిన్నె పంచుకోవడం వల్ల హెచ్.ఐ.వి. సోకదు.

ప్రమాదాన్ని పెంచేవి కూడా తెలుసుకోవాలి. నోటిపూత, చిగుళ్ల నుండి రక్తం, కొత్తగా పన్ను తీయించుకున్న గాయం, నోటిలో లేక జననాంగాలపై పుండ్లు ఉంటే వైరస్‌కు దారి దొరుకుతుంది. మన ప్రాంతంలో గుట్కా, ఖైనీ, జర్దా కిళ్లీ నమిలేవారి నోళ్లు లోపల ఒరిసిపోయి పుండ్లు పడి ఉంటాయి. వారు "నాకేమీ కాదు" అనుకోకూడదు. పళ్లు గట్టిగా తోముకున్న వెంటనే కూడా చిగుళ్లు చిట్లి ఉండవచ్చు. సంపర్కం తరువాత నోరు పుక్కిలించడం, మందు నీళ్లతో కడుక్కోవడం రక్షణ కాదు. కండోమ్ మాత్రమే రక్షణ.

మరొక ముఖ్యమైన మాట. "నోటితో మాత్రమే" అని చెప్పిన వారిని కౌన్సిలర్ నెమ్మదిగా అడిగినప్పుడు, యోని లేక మలద్వార సంపర్కం కూడా జరిగిందని కొందరు చెబుతారు. సిగ్గుతో తగ్గించి చెప్పడం మానవ సహజం. కాని లెక్క తప్పితే సలహా కూడా తప్పుతుంది. కౌన్సిలర్ తీర్పు చెప్పేవారు కాదు. జరిగింది జరిగినట్లు చెప్పండి.

మొదటి 72 గంటలు

ప్రమాదం నిజంగా ఎక్కువగా ఉన్న సంఘటన జరిగితే, వైరస్ శరీరంలో స్థిరపడకుండా ఆపే మందులు ఉన్నాయి. వీటిని 72 గంటలలోపు మొదలుపెట్టాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. మొత్తం 28 రోజులు మానకుండా వాడాలి. 72 గంటలు దాటిన తరువాత వీటిని మొదలుపెట్టి ప్రయోజనం లేదు.

నోటి సంపర్కం మాత్రమే జరిగినప్పుడు వైద్యులు సాధారణంగా ఈ మందులు సూచించరు. అవతలి వ్యక్తికి హెచ్.ఐ.వి. ఉందని తెలిసి, వీర్యం లేక రక్తం నోట్లో పడి, నోటిలో పుండ్లు కూడా ఉంటే ఆలోచించవలసి ఉంటుంది. ఆ నిర్ణయం డాక్టరు చేయాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకుని మింగే మందులు కావు ఇవి.

లైంగిక దాడికి గురైనవారి విషయం వేరు. వారు స్త్రీలైనా, పిల్లలైనా, పురుషులైనా ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి. అత్యాచార బాధితులకు ఉచితంగా చికిత్స చేయవలసిన బాధ్యత ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నిటికీ ఉన్నది. పరువు పోతుందని ఇంట్లో దాచిపెడితే ఆ 72 గంటలు తిరిగి రావు.

విండో పీరియడ్ అంటే ఏమిటి?

వైరస్ శరీరంలో ప్రవేశించిన మరునాడే పరీక్ష చేస్తే తెలియదు. మనం నాటిన విత్తనం ఆ రోజే మొలక కనబడనట్లే ఇదీ. వైరస్ పెరగాలి, దానికి ఎదురుగా శరీరం యాంటీబాడీలను తయారుచేయాలి. అవి పరీక్షకు అందేంతగా పెరిగే వరకు రక్తంలో వైరస్ ఉన్నా పరీక్ష నెగెటివ్‌గానే వస్తుంది. ఈ మధ్య కాలాన్నే విండో పీరియడ్ అంటారు. ఇది పరీక్ష రకాన్ని బట్టి మారుతుంది.

- యాంటీబాడీలను మాత్రమే చూసే పరీక్షలు, అంటే వెంటనే ఫలితం చెప్పే రాపిడ్ పరీక్షల్లో ఎక్కువ భాగం, 23 నుండి 90 రోజులలో వైరస్‌ను పట్టుకుంటాయి.

- యాంటీబాడీలతో పాటు పి24 అనే వైరస్ భాగాన్ని కూడా చూసే పరీక్షను నాలుగవ తరం పరీక్ష అంటారు. నరం నుండి తీసిన రక్తంతో ల్యాబ్‌లో చేస్తే ఇది 18 నుండి 45 రోజులలో పట్టుకుంటుంది.

- వైరస్ జన్యు పదార్థాన్నే నేరుగా వెదికే న్యూక్లిక్ యాసిడ్ పరీక్ష 10 నుండి 33 రోజులలో పట్టుకుంటుంది. ఇది ఖరీదైనది. అందరికీ అవసరం లేదు.

"ఆరు నెలలు ఆగాలి" అని పూర్వం చెప్పేవారు. 1985లో మొదటిసారి రక్తపరీక్ష అందుబాటులోకి వచ్చిన కాలపు కిట్లు అంత చురుకైనవి కావు కనుక ఆ మాట వాడుకలోకి వచ్చింది. నేటి పరీక్షలతో మూడు నెలలకు నెగెటివ్ వస్తే, మధ్యలో మరో ప్రమాదం జరగకపోతే, ఆ సంఘటన వల్ల హెచ్.ఐ.వి. రాలేదని నమ్మవచ్చు. పైన చెప్పిన 28 రోజుల మందులు వాడినవారికి మాత్రం లెక్క మారుతుంది. వారు డాక్టరు చెప్పిన తేదీలనే పాటించాలి.

క్యాలెండరు ఎదుట పెట్టుకోండి

ఉదాహరణకు ఒక వ్యక్తికి మార్చి 1వ తేదీన సంఘటన జరిగిందనుకోండి. అతడు ఏమి చేయాలి?

మార్చి 4వ తేదీలోపు: ప్రమాదం ఎక్కువ అనిపిస్తే డాక్టరును కలవాలి. అదే రోజు ఒక రక్తపరీక్ష కూడా చేస్తారు. ఆ ఫలితం మార్చి 1వ తేదీ సంఘటన గురించి ఏమీ చెప్పదు. అంతకు ముందు నుండే వైరస్ ఉన్నదా లేదా అని మాత్రమే చెబుతుంది. ఆ రోజు నెగెటివ్ చూసుకుని "బయటపడ్డాను" అనుకోవడం పొరపాటు.

ఏప్రిల్ 15వ తేదీకి: 45 రోజులు పూర్తవుతాయి. ల్యాబ్‌లో చేసే నాలుగవ తరం పరీక్ష ఈ రోజున లేదా తరువాత నెగెటివ్ వస్తే ఆ ఫలితం దాదాపుగా ఖాయం.

మే 30వ తేదీకి: 90 రోజులు పూర్తవుతాయి. రాపిడ్ పరీక్ష అయినా సరే, ఈ రోజున లేదా తరువాత నెగెటివ్ వస్తే ఈ సంఘటనకు సంబంధించి అదే ఆఖరి మాట. ఇక పరీక్షలు అవసరం లేదు.

ఈ తేదీలు ఒక కాగితంపై రాసుకోండి. తేదీ తెలిసిన ఎదురుచూపు వేరు, తేదీ తెలియని భయం వేరు.

ఈ మధ్య కాలంలో చేయకూడని పనులు

ఒంటిపై లక్షణాలు వెదకవద్దు. హెచ్.ఐ.వి. సోకిన రెండు నుండి నాలుగు వారాలలో కొందరికి జ్వరం, గొంతు నొప్పి, ఒంటిపై దద్దుర్లు, గ్రంథుల వాపు రావచ్చు. కొందరికి ఏమీ రాదు. అదే జ్వరం, అదే గొంతు నొప్పి మామూలు జలుబుకూ, డెంగ్యూకూ వస్తాయి. భయం వల్ల కూడా విరేచనాలు, చెమటలు, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం జరుగుతాయి. రోజుకు పదిసార్లు అద్దంలో నాలుక చూసుకునేవారికి నాలుకపై తెల్లటి పూత కనబడుతూనే ఉంటుంది. లక్షణాలను బట్టి హెచ్.ఐ.వి. ఉందని గాని, లేదని గాని ఎవ్వరూ చెప్పలేరు. పరీక్ష మాత్రమే చెప్పగలదు.

పరీక్ష కోసం రక్తదానం చేయవద్దు. ఇది అందరూ గుర్తుంచుకోవలసిన విషయం. "రక్తం ఇస్తే ఎలాగూ పరీక్ష చేస్తారు, ఎవరికీ తెలియకుండా పని అయిపోతుంది" అని కొందరు ఆలోచిస్తారు. విండో పీరియడ్‌లో ఉన్న రక్తం పరీక్షలో నెగెటివ్‌గా కనబడి, ప్రసవంలో రక్తం పోయిన తల్లికో, తలసీమియా ఉన్న పసిబిడ్డకో ఎక్కవచ్చు. రక్తం ద్వారా సోకే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ. పైన చెప్పిన అదే 2014 అంచనాలో 10,000కు 9,250. నోటి సంపర్కంలో మీకున్న చిన్న ప్రమాదాన్ని మరొకరికి అతి పెద్ద ప్రమాదంగా మార్చవద్దు. మూడు నెలల పరీక్ష పూర్తయ్యే వరకు రక్తదానానికి దూరంగా ఉండండి. సంఘంలో రక్తదాన శిబిరం జరిగినా "ఈసారి వద్దులెండి" అని చెప్పండి. కారణం చెప్పనవసరం లేదు.

వారానికో ల్యాబ్ మారవద్దు. పదవ రోజున ఒకచోట, ఇరవయ్యవ రోజున మరోచోట చేయించుకుంటే డబ్బు ఖర్చే గాని శాంతి రాదు.

దాంపత్య జీవితంలో రక్షణ మరువవద్దు. పెళ్లయినవారు ఆఖరి పరీక్ష వరకు భార్యతో లేక భర్తతో కండోమ్ వాడాలి. భార్య గర్భిణి అయినా, బిడ్డకు పాలిస్తున్నా ఈ జాగ్రత్త మరింత అవసరం. ఆ సమయంలో తల్లికి కొత్తగా వైరస్ సోకితే బిడ్డకు చేరే అవకాశం ఎక్కువ.

పరీక్ష ఎక్కడ, ఎలా జరుగుతుంది?

ప్రభుత్వ ఆసుపత్రులలోని ఐ.సి.టి.సి. కేంద్రాలలో హెచ్.ఐ.వి. పరీక్ష ఉచితం. ముందుగా కౌన్సిలర్ మీతో ఒంటరిగా మాట్లాడి, పరీక్ష గురించి వివరించి, మీ అంగీకారం తీసుకుంటారు. తరువాత కొద్దిగా రక్తం తీస్తారు. ఫలితం వచ్చాక మళ్లీ కౌన్సిలర్ మాట్లాడతారు. ఏ ఫలితమైనా ఒంటరిగా కాగితం చేతిలో పెట్టి పంపరు.

మొదటి పరీక్షలో నెగెటివ్ వస్తే నెగెటివ్ అని చెబుతారు. మొదటి పరీక్షలో స్పందన కనబడితే మాత్రం వెంటనే పాజిటివ్ అనరు. వేరు వేరు రకాల కిట్లతో మొత్తం మూడు పరీక్షలు చేసి, మూడింటిలోనూ స్పందన వస్తేనే పాజిటివ్ అని నిర్ధారిస్తారు. కనుక ఎక్కడో ఒక ల్యాబ్‌లో ఒక్క రాపిడ్ పరీక్ష చూసి జీవితం అయిపోయిందని అనుకోవద్దు. ఆ కాగితం తీసుకుని ఐ.సి.టి.సి. కేంద్రానికి రండి.

గోప్యత గురించి చాలామంది భయపడతారు. మన దేశంలో హెచ్.ఐ.వి. మరియు ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది. అది 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారం మీ అంగీకారం లేకుండా పరీక్ష చేయరాదు. చట్టం చెప్పిన కొద్ది మినహాయింపులు తప్ప, మీ ఫలితం మరొకరికి చెప్పరాదు. ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్ష చూపరాదు. ఆసుపత్రికి రావడానికి వెనుకాడేవారు జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు.

నోటి ద్వారా వచ్చే ఇతర వ్యాధులు

హెచ్.ఐ.వి. భయంలో పడి చాలామంది మరచిపోయే విషయం ఇది. నోటి సంపర్కం వల్ల హెచ్.ఐ.వి. రావడం అరుదే కాని, ఇతర సుఖవ్యాధులు తేలికగా వస్తాయి. గనేరియా, అంటే మనవాళ్లు సెగ అనే వ్యాధి, గొంతులో చేరి ఏ బాధా కలిగించకుండా ఉండిపోవచ్చు. సిఫిలిస్, అంటే సవాయి, పెదవిపైనో నోటిలోనో నొప్పిలేని పుండుగా మొదలై, చికిత్స లేకపోయినా తనంతట తాను మానినట్లు కనబడుతుంది. లోపల మాత్రం వ్యాధి ముదురుతూనే ఉంటుంది. హెర్పిస్ పొక్కులు, గొంతు క్యాన్సర్‌కు కారణం కాగల హెచ్.పి.వి. కూడా ఈ దారిలో వస్తాయి.

సెగ, సవాయి మందులతో నయమవుతాయి. కనుక హెచ్.ఐ.వి. పరీక్షకు వచ్చినప్పుడే సిఫిలిస్ పరీక్ష కూడా చేయమని అడగండి. గొంతులో బాధ ఉంటే, నోటి సంపర్కం జరిగిందని డాక్టరుకు చెప్పండి. ఆ మాట చెప్పకపోతే డాక్టరు మామూలు గొంతు నొప్పి అనుకుని మందు రాస్తారు. హెపటైటిస్-బి టీకా వేయించుకోనివారు ఇప్పుడైనా వేయించుకోవాలి.

పాఠకులు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: అవతలి వ్యక్తికి హెచ్.ఐ.వి. ఉందో లేదో తెలియదు. ఉందనే అనుకోవాలా?

జవాబు: తెలియనప్పుడు పరీక్ష చేయించుకోవడం మంచిది. అయితే తెలియదు అంటే ఉన్నట్లే అని కాదు. ప్రభుత్వ అంచనాల ప్రకారం 2021లో ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవారిలో 0.67 శాతం మందికి, తెలంగాణలో 0.47 శాతం మందికి హెచ్.ఐ.వి. ఉంది. దేశం మొత్తం మీద 0.21 శాతం. మన రాష్ట్రాలలో దేశ సగటు కంటే ఎక్కువ కనుక నిర్లక్ష్యం పనికిరాదు. నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా లేదు కనుక గుండె చెదరనవసరమూ లేదు.

ప్రశ్న: నా భర్తకు హెచ్.ఐ.వి. ఉంది. చాలాకాలంగా ఏ.ఆర్.టి. మందులు వాడుతున్నారు. మా మధ్య ఇలాంటి సాన్నిహిత్యం ప్రమాదమా?

జవాబు: మందులు క్రమంగా వాడి, వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడనంత తక్కువకు చేరి, అలాగే నిలిచి ఉన్నవారి నుండి లైంగిక సంపర్కం ద్వారా హెచ్.ఐ.వి. సోకదని పెద్ద పరిశోధనలలో రుజువైంది. ఆయన వైరల్ లోడ్ రిపోర్టు ఇద్దరూ కలిసి డాక్టరుకు చూపించి సలహా తీసుకోండి. అమ్మా, ఆయన మందు మానకుండా చూడడమే మీకు పెద్ద రక్షణ.

ప్రశ్న: మూడు నెలల పరీక్ష నెగెటివ్ వచ్చింది. అయినా భయం పోవడం లేదు. మళ్లీ పరీక్ష చేయించుకోవాలా?

జవాబు: అవసరం లేదు. ఇప్పుడు మిమ్మల్ని బాధిస్తున్నది వైరస్ కాదు. కొందరికి తప్పు చేశానన్న బాధ హెచ్.ఐ.వి. భయం రూపంలో బయటకు వస్తుంది. శిక్ష పడే తీరాలి అని మనసు నమ్ముతుంది కనుక నెగెటివ్ కాగితాన్ని నమ్మదు. వైరస్‌కు మన తప్పొప్పులు తెలియవు. ఆ రెండు బాధలను విడదీయండి. రక్తం సంగతి ల్యాబ్ తేల్చింది. మనసు సంగతి కౌన్సిలర్‌తోనో, మీరు నమ్మే పాస్టరుగారితోనో మాట్లాడండి. నిద్ర, ఆకలి దెబ్బతింటే, చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. దానికీ మంచి వైద్యం ఉన్నది.

ప్రశ్న: ఒకవేళ పాజిటివ్ అని తేలితే?

జవాబు: మన దేశంలో ఏ.ఆర్.టి. మందులు 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. పూర్వం రోగనిరోధక శక్తి తగ్గేవరకు ఆగేవారు. 2017 నుండి పాజిటివ్ అని తేలిన ప్రతివారికీ మందులు మొదలుపెడుతున్నారు. త్వరగా మొదలుపెట్టి, మానకుండా వాడినవారు అందరిలాగే పనిచేసుకుంటూ, పిల్లలను పెంచుకుంటూ నిండు జీవితం గడపగలరు. ఆలస్యంగా తెలుసుకోవడమే నష్టం.

గుర్తుంచుకోవలసినవి

1. నోటి సంపర్కం ద్వారా హెచ్.ఐ.వి. సోకడం చాలా అరుదు. నోటిలో పుండ్లు, రక్తం, వీర్యం ఉంటే ప్రమాదం కొంత పెరుగుతుంది.

2. ఎక్కువ ప్రమాదం అనిపిస్తే 72 గంటలలోపు డాక్టరును కలవాలి.

3. ల్యాబ్‌లో చేసే నాలుగవ తరం పరీక్షకు 45 రోజులు, రాపిడ్ పరీక్షకు 90 రోజులు. ఆ తరువాత వచ్చిన నెగెటివ్‌ను నమ్మాలి.

4. పరీక్ష కోసం రక్తదానం ఎన్నడూ చేయకూడదు.

5. ఆఖరి పరీక్ష వరకు జీవిత భాగస్వామితో కండోమ్ వాడాలి.

6. సిఫిలిస్, గనేరియా సంగతి కూడా డాక్టరును అడగాలి.

ఈ పాఠం చదువుతున్నవారిలో ఎవరికైనా మనసులో ఒక తేదీ మెదిలితే, ఆ తేదీ నుండి రోజులు లెక్కపెట్టుకుని, తగిన రోజున పరీక్షకు రండి. మీ ఊరి ఆసుపత్రికి వెళ్లడానికి మొహమాటం అనిపిస్తే పక్క ఊరి కేంద్రానికి వెళ్లండి. ఎక్కడికైనా వెళ్లండి కాని, వెళ్లకుండా మాత్రం ఉండవద్దు. భయపడుతూ గడిపిన ఒక్క రాత్రి కంటే పరీక్షకు పట్టే సమయం తక్కువ.